మారుతి 800: గేర్ లివర్ ఊగిపోతోంది, మెకానిక్ గేర్‌బాక్స్ దింపాలంటున్నాడు

గోదారి_గట్టు
2006 మోడల్ మారుతి 800, నాలుగు గేర్లది. నాన్నగారు కొన్న బండి, అమ్మే ఉద్దేశం లేదు. కొన్నాళ్లుగా న్యూట్రల్‌లో గేర్ లివర్ గంగిరెద్దు తలలా ఊగుతోంది. ఫస్ట్ వేశాననుకుంటే ఒక్కోసారి థర్డ్‌లో పడుతోంది. మొన్న కొవ్వూరు నుంచి రాజమండ్రి వస్తూ రోడ్డు కమ్ రైలు వంతెన మీద ట్రాఫిక్‌లో ఆగాను. కదలబోతే థర్డ్ పడి ఇంజన్ ఆగిపోయింది. వెనక ఇసుక లారీ, ఒకటే హారన్. రివర్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు, వెతుక్కోవాలి.

మెకానిక్ ఒక రౌండ్ వేసొచ్చి "గేర్‌బాక్స్ దింపాలి, సింక్రోలు పోయాయి, 12 వేలు అవుతుంది" అన్నాడు. సింక్రోలంటే గేర్లు గరగరలాడకుండా కలిసేలా చేసే లోపలి రింగులట. గేర్లు మారేటప్పుడు గరగర మాత్రం లేదు. నిజంగా దింపాల్సిందేనా? డబ్బు సంగతి అలా ఉంచితే, బాగున్న గేర్‌బాక్స్‌ని విప్పిస్తున్నానేమో అని టెన్షన్.

బెజవాడ_స్పానర్
ఆగండి, ఆగండి. గరగర లేకుండా సింక్రో పోయిందని ఆయన ఎలా తేల్చాడు? బండి కిందకి దూరి చూశాడా?

ఓరుగల్లు_రోడ్డు
వంద శాతం లింకేజ్ బుష్‌లు, అంటే లివర్‌ని గేర్‌బాక్స్‌తో కలిపే రాడ్ కీళ్ల దగ్గరి తొడుగులు. మా ఇంట్లో 800కి అచ్చం ఇదే. దింపనివ్వకండి.

క్లచ్‌వైరు
చూడకుండా వంద శాతం ఎలా అంటారండీ? క్లచ్ పూర్తిగా విడవకపోయినా గేర్లు మొరాయిస్తాయి. ఇంజన్ ఆఫ్ చేసి అన్ని గేర్లూ వేసి చూడమనండి. ఆఫ్‌లో హాయిగా పడి, స్టార్ట్ చేశాక పడకపోతే అది క్లచ్ కేబుల్ సంగతి. ఆఫ్‌లో కూడా అదే వెతుకులాట అయితే అప్పుడు లింకేజ్ అనుకోవచ్చు.

ఓరుగల్లు_రోడ్డు
లివర్ ఊగుతోందని మొదటి పోస్టులోనే ఉంది కదన్నా. క్లచ్ పోతే లివర్ ఎందుకు ఊగుతది?

క్లచ్‌వైరు
రెండూ ఒకేసారి ఉండొచ్చు. 2006 బండి అది. ఒకటి దొరికిందని రెండోది చూడటం మానేయకూడదు.

బెజవాడ_స్పానర్
ఇద్దరూ చెప్పింది సరైనదే. గోదారి గారూ, మీ బండిలో గేరు ఎలా పడుతుందో చెప్తాను, అప్పుడు మీకే అర్థమవుతుంది. 800లో ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ ముందు బానెట్ కింద అడ్డంగా ఉంటాయి. మీ చేతిలోని లివర్ రెండు సీట్ల మధ్య ఉంటుంది. ఈ రెంటినీ కలిపేది ఫ్లోర్ కింద వెళ్లే ఒక పొడవాటి రాడ్. మీరు లివర్‌ని ముందుకీ వెనక్కీ తోస్తే ఆ రాడ్ జరుగుతుంది. పక్కకి తోస్తే తిరుగుతుంది. ఆ రాడ్ పక్కనే ఇంకో రాడ్ ఉంటుంది, దాన్ని ఎక్స్‌టెన్షన్ రాడ్ అంటారు. అది గేరు వెయ్యదు, లివర్ కూర్చున్న చోటు గేర్‌బాక్స్‌తో కలిసి కదిలేలా పట్టుకుంటుంది.

లివర్ కింది కొస రాడ్‌తో కలిసే చోట బోల్టు చుట్టూ ప్లాస్టిక్ బుష్‌లు ఉంటాయి. ఎక్స్‌టెన్షన్ రాడ్ గేర్‌బాక్స్ వైపు కొసలో రబ్బర్ బుష్. లివర్ గుండు కూర్చునే సీటు ఒకటి. ఇవి అరిగితే పైన మీ చెయ్యి కదిలినంత కింద రాడ్ కదలదు. ముఖ్యంగా పక్కకి తిప్పే కదలిక సగానికి సగం పోతుంది. అందుకే ఫస్ట్ వైపుకి పూర్తిగా రాకముందే మీరు ముందుకి తోసేస్తున్నారు, థర్డ్‌లో పడుతోంది. గేర్‌బాక్స్ తప్పేమీ లేదు, దానికి అందిన ఆర్డర్ థర్డే.

పాతకార్ల_పిచ్చి
సైలెన్సర్ పైపు కూడా ఆ రాడ్ పక్కనుంచే పోతుంది, ఆ సంగతి కూడా చెప్పండి. కింద నుంచి బురద, దుమ్ము, పక్కనే వేడి. ఇన్నేళ్లు ఆ ప్లాస్టిక్ నిలబడటమే గొప్ప.

విశాఖ_చక్రం
సింక్రో పోతే ఎలా ఉంటుందో కూడా చెప్పాలి కదా. లివర్ గట్టిగానే ఉంటుంది, కానీ నడుస్తున్న బండిలో ఏదో ఒక గేరుకి, ఎక్కువగా సెకండ్‌కి, వేసేటప్పుడు గర్ర్‌మంటుంది. నెమ్మదిగా వేస్తే తగ్గుతుంది. మీకు అది లేదంటున్నారు. ఇంకో పరీక్ష: బండి నడుస్తుండగా యాక్సిలరేటర్ తొక్కి వదలండి. దానితోపాటు లివర్ బాగా ముందుకీ వెనక్కీ ఊగిందంటే ఇంజన్ మౌంట్లు (ఇంజన్‌ని పట్టుకునే రబ్బర్ దిమ్మలు) కూడా చూడాలి.

గోదారి_గట్టు
పొద్దున్నే చూశాను. ఇంజన్ ఆఫ్‌లో ఉన్నా అంతే వదులు, రివర్స్‌కి అదే వెతుకులాట. స్టార్ట్ చేసినా తేడా లేదు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు లివర్ పెద్దగా కదల్లేదు. క్లచ్ మామూలుగానే ఉంది.

ఓరుగల్లు_రోడ్డు
నేను చెప్పలే?

క్లచ్‌వైరు
చెప్పారు. ఇప్పుడు చూసి చెప్పినట్టయింది, అదే నాకు కావాల్సింది.

లేత్_లెక్కలు
ఇంకా కంటితో చూడలేదు. వాటర్ సర్వీసింగ్ చేసే చోటికి తీసుకెళ్లండి, ర్యాంప్ మీద ఎక్కిస్తే కింద నిలబడి చూడొచ్చు. ఒకరు పైన కూర్చుని, ఇంజన్ ఆఫ్‌లో, లివర్‌ని పక్కలకి మెల్లగా తిప్పాలి. మీరు కింద టార్చ్‌తో లివర్ కొస, రాడ్ కలిసే బోల్టు దగ్గర చూడండి. లివర్ కదిలాక కాసేపటికి రాడ్ కదిలిందంటే ఆ మధ్యలో పోయిందే మీ జబ్బు. తర్వాత గేర్‌బాక్స్ వైపు జాయింట్‌ని కూడా చేత్తో ఆడించి చూడండి, చాలామంది వెనక కొస మాత్రమే చూసి ముందుది వదిలేస్తారు.

గోదారి_గట్టు
చూశానండీ! సర్వీసింగ్ కుర్రాడు లివర్ ఆడిస్తుంటే కింద స్పష్టంగా కనిపించింది. బోల్టు ఇటూ అటూ కొట్టుకుంటోంది, రాడ్ ఆలస్యంగా కదులుతోంది. బుష్ రంధ్రం గుండ్రంగా లేదు, ఒక పక్కకి సాగిపోయింది. బోల్టు పక్కన నా గోరు పట్టేంత సందు. ఒక బుష్ అంచు విరిగి లేనే లేదు. నల్లటి మడ్డి తుడిస్తే కింద తెల్లటి ప్లాస్టిక్ పొడి. ముందు వైపు రబ్బర్ కూడా పగుళ్లు పట్టింది.

ఇప్పుడు మెకానిక్‌కి ఏం చెప్పాలి? ఇంటి దగ్గర నేనే మార్చుకోవచ్చా? స్పానర్ సెట్ ఉంది, టైరు మార్చడం వచ్చు.

కంది_చేను
మా ఊళ్లో అయితే సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టి బోల్టు బిగించేస్తారు. ఐదు నిమిషాల పని.

పాతకార్ల_పిచ్చి
ఆ ట్యూబ్ ముక్క నెల తిరక్కుండా నలిగిపోతుంది. దారిలో ఇరుక్కున్నవాడికి ఇంటికి చేరడానికి పనికొస్తుంది, అంతే. వాషర్లు కుక్కడం కూడా అంతే, ఇనుము ఇనుము రాసుకుని బోల్టు తినేస్తుంది. ఇంత చిన్న ప్లాస్టిక్ ముక్క దొరుకుతుంటే ఎందుకండీ ఆ పాట్లు?

కంది_చేను
ఇంటికి చేరడానికే చెప్పాను. నిజామాబాద్ అవతల రాత్రి పదకొండింటికి బుష్ ఎవడమ్ముతాడు?

పాతకార్ల_పిచ్చి
అలాగైతే సరే, ఒప్పుకుంటాను.

ఆటోనగర్_అబ్బాయ్
బెజవాడ ఆటోనగర్‌లో 800 బుష్ సెట్ ఇప్పటికీ దొరుకుతుంది. బండి అమ్మకం 2014లో ఆగిపోయినా లక్షల బండ్లు తిరుగుతున్నాయి, సామాన్లకు కొదవ లేదు. కొనేటప్పుడు పాత బుష్ జేబులో పెట్టుకుని వెళ్లండి. "800 గేర్ బుష్" అంటే నాలుగు గేర్లదా ఐదు గేర్లదా అని అడుగుతారు, మోడల్ సంవత్సరం చెప్పండి. లూజుగా డబ్బాలో పోసి అమ్మేవి చూడటానికి ఒకేలా ఉంటాయి, కానీ కొన్నింటి రంధ్రం మొదటి రోజే వదులు. కొట్టులోనే బోల్టు దూర్చి చూడండి. వేలితో తోస్తే బిగువుగా దూరాలి, పక్కకి ఆడకూడదు. బోల్టు కూడా కొత్తది కొనండి.

సికింద్రాబాద్_సీసా
ప్లాస్టిక్ ఎందుకు, రాణిగంజ్‌లో ఇత్తడి రాడ్ కొని లేత్ మీద బుష్ చేయించుకోండి. జన్మలో మళ్లీ మార్చక్కర్లేదు. నేను చేయించాను, గేరు టక్కున పడుతుంది.

లేత్_లెక్కలు
ముప్పై ఏళ్లు లేత్ మీదే బతికాను. ఇత్తడి బుష్‌లు నేనూ చాలా చేసిచ్చాను, అందుకే చెప్తున్నాను, ఆలోచించి చేయించుకోండి. బుష్ అరగాలి, బోల్టూ రాడూ అరగకూడదు. అది అరిగేలా పెట్టిందే అందుకు. ఇత్తడి పెడితే దానికి గ్రీజు అందుతూ ఉండాలి. ఫ్లోర్ కింద దుమ్ములో ఎవరు పెడతారు? గ్రీజు ఎండితే ఇసుక చేరుతుంది, అప్పుడు బోల్టు చుట్టూ గాడి పడుతుంది. ఇంకోటి, ప్లాస్టిక్, రబ్బర్ ఇంజన్ వణుకుని మింగేస్తాయి. ఇత్తడి మింగదు, మొత్తం చేతికి తెస్తుంది. మూడు సిలిండర్ల ఇంజన్ కదా, ఐడిల్‌లో లివర్ నాబ్ జిరజిరలాడుతుంది.

చేయించాలనే ఉంటే నైలాన్ రాడ్ తెచ్చి చేయించండి. రాణిగంజ్‌లో అదీ దొరుకుతుంది. డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ దొరికితే ఇంకా మేలు, నైలాన్ తేమకి కొద్దిగా ఉబ్బుతుంది, డెల్రిన్ అంతగా ఉబ్బదు.

సికింద్రాబాద్_సీసా
జిరజిర ఉన్న మాట నిజమే. నాకు అలవాటైపోయింది. కానీ గేరు పడే తీరు మాత్రం అమోఘం, దాన్ని వదులుకోను.

లేత్_లెక్కలు
మీకు నచ్చితే ఉంచుకోండి. ఏడాదికోసారి విప్పి బోల్టు చూసుకోండి చాలు.

డాలస్_దారి
ఇక్కడ నా దగ్గర 1998 హోండా సివిక్ మాన్యువల్ ఉంది, అమెరికాలో మాన్యువల్ నడిపే మనవాళ్లు తక్కువే. దీనికీ ఇలాగే కింద రెండు రాడ్లు. నేను పాలీయూరిథేన్ బుష్‌లు వేశాను. రబ్బర్ కంటే గట్టి, ఇత్తడి అంత మొండి కాదు. గేరు బాగా పడుతుంది, వణుకు కొంచెం పెరిగింది. వేసేటప్పుడు దాంతో ఇచ్చిన సిలికాన్ గ్రీజే పూయాలి, లేకపోతే కిర్రుకిర్రుమంటుంది.

బుష్‌ల కంటే నన్ను ఏడిపించింది గేర్‌బాక్స్ దగ్గరి 8 మి.మీ. రోల్ పిన్, రేకు చుట్టిన గొట్టంలా బిగువుగా దిగే పిన్. పక్కన చోటు లేదు, సుత్తి ఆడదు. సరిగ్గా అంత సైజు పంచ్ (పిన్‌ని కొట్టి బయటికి తోసే కడ్డీ) లేకుండా మొదలుపెట్టొద్దు. చిన్న పంచ్ పెడితే అది పిన్ లోపల ఇరుక్కుంటుంది. 800లో ఆ పిన్ ఉంటుందా?

బెజవాడ_స్పానర్
ఆయన మారుస్తున్న చోట బోల్టే, పిన్ గొడవ లేదు. అదృష్టవంతుడు.

అంబాసిడర్_అల్లుడు
మీరంతా ఫ్లోర్ లివర్ గురించి బాధపడుతున్నారు. మా మామగారి అంబాసిడర్‌కి స్టీరింగ్ పక్కన గేరు. అరిగిన లింకేజ్ రెండు గేర్ల మధ్య ఇరుక్కుపోయేది. ఆయన సిగ్నల్ దగ్గర దిగి, బానెట్ ఎత్తి, కింద లివర్లని చేత్తో లాగి న్యూట్రల్‌కి తెచ్చి, మళ్లీ వచ్చి కూర్చునేవారు. ఆ బండికి గేరు వెయ్యడం ఆయనకి తప్ప ఎవరికీ రాదు. పెళ్లికి కారు కావాలంటే కారుతోపాటు ఆయన్నీ పిలవాల్సిందే!

పాతకార్ల_పిచ్చి
ప్రీమియర్ పద్మినిలో కూడా స్టీరింగ్ గేరే. ఆ రోజుల్లో టాక్సీ డ్రైవర్లందరికీ ఈ బానెట్ విద్య తెలుసు.

గోదారి_గట్టు
సెట్ తెప్పించాను, ఆటోనగర్ అబ్బాయి గారు చెప్పినట్టే బోల్టు దూర్చి చూశాను, బిగువుగా ఉంది. ఆదివారం చేద్దామనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

బెజవాడ_స్పానర్
ముందు ప్రాణం సంగతి. జాక్ ఒక్కదాని మీద నిలబెట్టి బండి కిందకి దూరొద్దు, ఇటుకలు పేర్చొద్దు. బండితో వచ్చే జాక్ టైరు మార్చడానికే. రెండు జాక్ స్టాండ్లు అద్దెకైనా తెచ్చుకోండి, లేదంటే సర్వీసింగ్ ర్యాంప్ వాడినే గంటసేపు బతిమాలండి. సమమైన నేల, వెనక చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు. హ్యాండ్‌బ్రేక్ లాగి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. స్టాండ్ల మీద దించాక బండిని పక్కనుంచి గట్టిగా తోసి చూడండి, కదలకపోతేనే కిందకి వెళ్లండి. బండి నడిపిన వెంటనే వద్దు. సైలెన్సర్ పైపు చల్లారాలి, మీ మోచెయ్యి సరిగ్గా దానికే తగులుతుంది.

ముందు రోజు సాయంత్రమే బోల్టు మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి. మర్నాడు కిరసనాయిలు, పాత బ్రష్‌తో ఆ చుట్టుపక్కలంతా కడగండి. మట్టి కళ్లలో పడుతుంది, కళ్లద్దాలు పెట్టుకోండి. విప్పే ముందు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. ఏ వాషర్ ఎటు వైపుందో తర్వాత అదే చెప్తుంది.

నా బండికి బోల్టు 12 నంబర్. ఓపెన్ స్పానర్ కాదు, రింగ్ స్పానరో సాకెట్టో వాడండి. తలకాయ గుండ్రమైపోయిందంటే ఆదివారం కాస్తా మంగళవారం దాకా సాగుతుంది. బోల్టు వచ్చాక లివర్ కొస రాడ్ నుంచి విడిపోతుంది. పాత బుష్‌లు మామూలుగా చేత్తోనే ఊడొస్తాయి, లేకపోతే స్క్రూడ్రైవర్‌తో అంచు ఎత్తండి. బుష్‌ల లోపల ఇనప గొట్టం ముక్క ఒకటి ఉంటుంది, పాత బుష్‌తోపాటు చెత్తలో పడేస్తారు చాలామంది. జాగ్రత్త. దాని మీద గాడి పడి ఉంటే అదీ మార్చాలి, కొత్త బుష్ ఒక్కటే వేస్తే వదులు అలాగే ఉంటుంది.

విశాఖ_చక్రం
కొత్త ప్లాస్టిక్ బుష్ దూరకపోతే సుత్తితో కొట్టకండి, పగులుతుంది. గ్లాసులో వేణ్ణీళ్లు పోసి కాసేపు వేసి ఉంచండి, మెత్తబడి దూరుతుంది. రబ్బర్ దానికి సబ్బు నీళ్లు చాలు. రబ్బర్‌కి మామూలు గ్రీజు, ఇంజన్ ఆయిల్ పూయొద్దు, ఉబ్బి మెత్తబడుతుంది. ప్లాస్టిక్ బుష్‌లో మాత్రం కొద్దిగా లిథియం గ్రీజు పెట్టండి.

క్లచ్‌వైరు
ముందు వైపు రాడ్ క్లాంపు విప్పాల్సి వస్తే, విప్పే ముందు రాడ్ మీదా క్లాంపు మీదా కలిపి పెయింట్‌తో ఒక గీత గీయండి. మళ్లీ ఆ గీతలు కలిసేలా బిగించాలి. కొంచెం తిరిగినా కొత్త బుష్‌లు వేసి కూడా గేర్లు దొరకవు, అప్పుడు మళ్లీ గేర్‌బాక్స్ మీద నింద పడుతుంది.

లేత్_లెక్కలు
బోల్టు బిగించాక లివర్ స్వేచ్ఛగా ఆడాలి. బిర్రుగా పట్టేసిందంటే అతిగా బిగించారనో, లోపలి గొట్టం వెయ్యలేదనో అర్థం. స్టాండ్ల మీంచి బండి దించే ముందే ఇంజన్ ఆఫ్‌లో అన్ని గేర్లూ, రివర్స్‌తో సహా, వేసి చూడండి.

గోదారి_గట్టు
చేశాను! తమ్ముడు సాయం పట్టాడు. స్టాండ్లు పక్క వీధి వర్క్‌షాప్ నుంచి తెచ్చాం. బోల్టుకే ఎక్కువ సేపు పట్టింది, స్ప్రే కొట్టి ఉంచబట్టి కానీ లేకపోతే వచ్చేది కాదు. లోపలి గొట్టం ఒక పక్క మెరుస్తూ అరిగి ఉంది, సెట్‌తో కొత్తది వచ్చింది కాబట్టి మార్చాను. ముందు వైపు క్లాంపు ముట్టుకోలేదు, ఎక్స్‌టెన్షన్ రాడ్ రబ్బర్ మార్చాను.

ఫస్ట్ ఎక్కడుందో చెయ్యికి తెలుస్తోంది. థర్డ్‌కి పోవడం లేదు. రివర్స్ మొదటిసారే పడింది. లివర్ కొద్దిగా ఆడుతోంది, కానీ మునుపటి ఊపు లేదు.

ఓరుగల్లు_రోడ్డు
శభాష్! ఆ కొద్దిపాటి ఆట ఉంటది, కొత్త బండికీ ఉంటది. దాన్ని పోగొట్టాలని ఇంకా బిగించకండి.

క్లచ్‌వైరు
వారం తిరిగాక బోల్టు ఒకసారి స్పానర్ పెట్టి చూడండి. గేర్ ఆయిల్ ఎప్పుడు మార్చారు?

గోదారి_గట్టు
నాన్నగారి హయాంలో. ఎప్పుడో తెలియదు.

క్లచ్‌వైరు
అయితే మార్చేయండి. డబ్బా మీద జీఎల్-4 (గేర్ ఆయిల్ రకం) అని ఉందో లేదో చూడండి, గ్రేడ్ మాన్యువల్‌లో ఉన్నదే పోయండి. కొట్టువాడు "ఇంకా మంచిది" అని జీఎల్-5 ఇస్తే వద్దనండి. అందులో గంధకం మందులు ఎక్కువ, కొన్ని రకాలు సింక్రోల ఇత్తడిని తినేస్తాయి. బాగున్న సింక్రోలని కాపాడుకున్నారు కదా, ఇప్పుడు ఆయిల్‌తో పాడుచేసుకోవద్దు. ఒక్క మాట: ముందు పైన నింపే బోల్టు ఊడుతుందో లేదో చూసుకుని, తర్వాతే కింద డ్రెయిన్ విప్పండి.

సీమ_సందు
మధ్యలో దూరుతున్నాను. నాది ఆల్టో కె10, 2011. లివర్ అకస్మాత్తుగా ఏ గేరుకీ పట్టకుండా ఖాళీగా తిరుగుతోంది. ఇదీ బుష్ బాధేనా? బండి అనంతపురం బైపాస్ పక్కన ఆగి ఉంది.

బెజవాడ_స్పానర్
కె10లో రాడ్ లేదు, రెండు కేబుళ్లు. కేబుల్ కొసలోని ప్లాస్టిక్ బుష్ గేర్‌బాక్స్ మీది గుండు నుంచి ఊడిపోయి ఉంటుంది. బానెట్ ఎత్తి, ఇంజన్ ఆఫ్ చేసి, ఒకరిని లివర్ ఆడించమని గేర్‌బాక్స్ పైన చూడండి. ఒక కేబుల్ కొస కదులుతూ దాని కింది ఆర్మ్ కదలకపోతే అదే. నొక్కితే మళ్లీ గుండు మీద కూర్చుంటుంది. నిలవకపోతే జిప్ టైతో కట్టి ఊళ్లోకి తెచ్చుకోండి.

సీమ_సందు
ఊడిపోయి పక్కకి వేలాడుతోంది అన్నా! జిప్ టై లేదు, చార్జర్ వైరుతో కట్టాను. సెకండ్, థర్డ్ పడుతున్నాయి. వస్తున్నా.

కంది_చేను
చూశారా, దారిలో ఇరుక్కుంటే కట్టే పనే! ఊళ్లోకి రాగానే కొత్తది వేయించు తమ్ముడూ. ఆ కేబుల్‌కి బుష్ విడిగా అమ్ముతారా, కేబుల్ మొత్తం కొనాలా, ఎవరికైనా తెలుసా?

ఆటోనగర్_అబ్బాయ్
కంపెనీ వాళ్ల దగ్గర కేబుల్ మొత్తం కొనమంటారు. బయట విడి బుష్‌లు కూడా అమ్ముతున్నారు. కేబుల్ తొడుగు బాగుండి, లోపల స్వేచ్ఛగా జారుతుంటే బుష్ ఒక్కటి చాలు. బిగుసుకుపోయి ఉంటే బుష్‌కి పెట్టిన డబ్బు దండగ, కేబులే మార్చండి. రేపు కొట్టు తెరిచాక ఫొటో పెట్టండి, సైజు చూసి చెప్తాను.